లోపల వదిలిన బట్ట

టేపక్క అబద్ధాలాడుతుంది. ఈ మాట ఆమె ముఖం మీదే వందసార్లు అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకేం భయం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాను, గుండీలు వేస్తున్నాను, అంచులు మడిచి హెమ్మింగు చేస్తున్నాను. ఆమె ఎన్ని అబద్ధాలాడిందో నాకు తెలిసినంతగా ఆమెకే తెలియదు.

అన్నీ ఒకే రకం అబద్ధాలు. గౌను కుట్టించుకోవడానికి ఎవరో ఒకావిడ వస్తుంది. టేపక్క తనకా పేరు తెచ్చిపెట్టిన టేపుని మెడలోంచి తీసి ఆవిడ నడుం చుట్టూ వేస్తుంది. టేపు కింద రెండు వేళ్ళు దూర్చి, ఊపిరి ఆడేంత వదులు ఉంచి, అంకె చూస్తుంది. ముప్పై ఎనిమిది ఉంటే పైకి "ముప్పై ఆరు" అంటుంది. పుస్తకంలో మాత్రం ముప్పై ఎనిమిదే రాస్తుంది. వచ్చినావిడ ముఖం చాటంత అవుతుంది.

"నిజంగానా అక్కా? తగ్గానా?"

"మరి? నీకు కనపడట్లేదా?" అంటుంది ఈవిడ, కన్నయినా ఆర్పకుండా.

గౌను ముప్పై ఎనిమిదికే కుట్టి ఇస్తుంది. అది వేసుకుని ఆవిడ మురిసిపోతూ మెట్లు దిగుతుంది. ఆవిడ అటు వెళ్ళగానే నేను ఇటు అందుకునేదాన్ని.

"ఎన్ని అబద్ధాలాడతావక్కా? కళ్ళు పోతాయి."

"పోతే నువ్వే సూదిలో దారం ఎక్కించి పెడుదువుగాని. ఆవిడ సంతోషంగా వెళ్ళింది, బట్ట సరిగ్గా పట్టింది. ఎవరికేం నష్టం చెప్పు?"

అప్పట్లో నాకూ నష్టమేం కనపడలేదు. నవ్వేసి ఊరుకునేదాన్ని.

మా గది రెండో అంతస్తులో ఉంటుంది. మూడు కుట్టుమిషన్లు, పొడుగాటి కత్తిరించే బల్ల, ఇస్త్రీ బల్ల, తలా చేతులూ లేని గుడ్డబొమ్మ ఒకటి. ఒక మూల తెర కట్టి ఉంటుంది, దాని వెనక నిలువుటద్దం. మిషన్ల ముందు వీధివైపు పెద్ద కిటికీ. వెనక వంటగది, ఇంకో చిన్న గది, టేపక్కా ఆమె కూతురూ ఉండేది అక్కడే. టేపక్క మొగుడు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా చేసేవాడు. దగ్గుతో తీసుకుని తీసుకుని, కూతురికి మూడేళ్ళప్పుడు పోయాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన కుట్టిన బట్టల కుట్లు విప్పి, ముక్కలు ఎలా కోశాడో చూసి, మళ్ళీ కుట్టి, అలా నేర్చుకుంది ఈవిడ పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన పట్టింపు ఒకటుంది. బిగించేటప్పుడు మిగిలిన బట్టను ఎప్పుడూ కోసెయ్యదు. లోపలికి మడిచి కుట్టేస్తుంది. "మనుషులన్నాక ఒళ్ళు వస్తుంది, పోతుంది. లోపల గుడ్డ ఉంటే ఎప్పుడైనా వదులు చెయ్యొచ్చు" అని ఆయన అనేవాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా టేపక్క టేపు చివర పట్టుకుని నలుపుతూ ఉండేది.

ఆ కూతుర్ని గుండీ అని పిలిచేవాళ్ళం. పసిదిగా ఉన్నప్పుడు బల్ల కింద కూర్చుని రేకు డబ్బాలో గుండీలు గలగలలాడించుకుంటూ ఆడుకునేది. బుగ్గలు కూడా అలాగే గుండ్రంగా ఉండేవి. నా గుండీల డబ్బా వెతుక్కోవాలంటే ముందు ఆ పిల్లను వెతుక్కోవాలి. ఏడాదికోసారి బడి బట్టల లోపలి మడత విప్పి వదులు చేసి ఇచ్చేది వాళ్ళమ్మ. కొలతల పుస్తకంలో ఆ పిల్లకి విడిగా పేజీలున్నాయి. ఏటా అంకె పెరిగినప్పుడల్లా, "చూశావా, నా కూతురు పెరిగింది" అని నా ముఖం ముందు పుస్తకం ఆడించేది. కొలత పెరిగినందుకు ఆ గదిలో పొంగిపోయింది ఒక్క ఆ పిల్ల విషయంలోనే.

పిల్లకి పదహారు నిండిన ఏడాది, వీధి చివరి పెద్ద రెడీమేడ్ దుకాణం వాళ్ళు టేపక్కను పిలిపించారు. కొత్త గౌన్లు వచ్చాయి, వాటికి ఫొటోలు తీస్తారట, బట్ట ఒంటికి సరిగ్గా పట్టేలా చూసే మనిషి కావాలట. ఈవిడ తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, సూదులూ సుద్దముక్కలూ, అవసరపడతాయని బట్టల క్లిప్పుల డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి మిషన్ ముందు కూలబడి, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చెప్పింది.

"గౌన్లన్నీ ఒకటే సైజుట చెల్లీ. ఆ పచ్చ గౌను వేసిన అమ్మాయి చీపురుపుల్ల. దానికేమో గోనెసంచి తొడిగినట్టుంది. కుట్టడానికి టైము లేదు, ఏదో ఒకటి చెయ్యమన్నారు. వెనక్కి లాగి మన బట్టలారేసే క్లిప్పులు పెట్టేశా. ఒకటి కాదు, పదకొండు. ముందు నుంచి చూస్తే రాణి, వెనక నుంచి చూస్తే బట్టలారేసిన తీగ."

"మరి ఆ పిల్ల కూర్చోవాలంటే?"

"కూర్చోకూడదు. అటు తిరగనూ కూడదు. పొద్దుట్నుంచి ఏం తినలేదంది. జాలేసి నా సంచిలో బిస్కెట్ ఇచ్చా. థ్యాంక్స్ ఆంటీ అంది. నేను చూడట్లేదనుకుని కాగితంలో చుట్టి చేతిసంచిలో పెట్టేసింది."

నవ్వుతూ చెప్పిన మనిషికి ఆ బిస్కెట్ దగ్గర నవ్వు ఆగింది. తర్వాత ఎవరో చొక్కా కోసం మెట్లెక్కి వచ్చారు, ఆ మాట అక్కడితో పోయింది.

నెల తిరిగేసరికి ఎదురు మేడ గోడ మీద ఆ ఫొటో వెలిసింది. మూడంతస్తుల ఎత్తు. మా కిటికీలోంచి చూస్తే సరిగ్గా ఆ పచ్చ గౌను నడుం దగ్గర చూపు ఆగుతుంది. టేపక్క సూది నోట్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కంటితో చూసి అరంగుళం తేడా చెప్పగల మనిషి ఆమె.

"ఇది నేను పట్టిన నడుం కాదే" అంది. "తర్వాత కంప్యూటర్లో ఇంకా నొక్కేశారు. అక్కడ మనిషికి పక్కటెముక ఉండాలి. ఏది మరి?"

అలా అన్న మనిషే, వచ్చిన ప్రతివాళ్ళకీ కిటికీ చూపించి "ఆ ఫిటింగ్ నాదే" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. క్లిప్పుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పనితనం ఏముంటుంది? దుకాణం వాళ్ళు కూడా లోపలి సంగతులు బయట అనొద్దన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. నా నోటికి మామూలుగా తాళం ఉండదు, ఆ ఒక్కసారి ఎందుకు పడిందో నాకిప్పటికీ కోపమే.

గుండీకి ఆ గౌను కావాలనిపించింది. ఎందుకు అనిపించదు? రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ చూసేది అదే. బడి నుంచి వచ్చి పుస్తకాలు పడేసి చూసేది అదే. అమ్మ చేతి పని అని గర్వం కూడా. టేపక్క అచ్చం అలాంటి బట్టే వెతికి తెచ్చి, రెండు రోజులు మిగతా పనులన్నీ పక్కనపెట్టి కుట్టింది. నేను మెడ దగ్గర హుక్కు కుట్టాను. పిల్ల తెర వెనక్కి వెళ్ళి వేసుకుని బయటికి వచ్చింది. ఎంత బాగుందో! ఆ వయసులో ఆడపిల్ల ఎలా ఉండాలో అలా ఉంది. కానీ ఆ పిల్ల అద్దం వైపు చూసి, కిటికీ వైపు చూసి, మళ్ళీ అద్దం వైపు చూసింది.

"అమ్మా, అలా లేదేంటి?"

చెప్పవలసిన క్షణం అదే. ఆ బొమ్మకి వెనక పదకొండు క్లిప్పులున్నాయే పిచ్చిదానా, ఆ నడుం మనుషులది కాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను టేపక్క ముఖం చూశాను. ఆమె ముఖంలో అమ్మ లేదు, టైలరు ఉంది. ఫిటింగు బాగాలేదని ఎవరో పేరు పెట్టినట్టు నుదురు ముడిచింది. నోట్లోంచి గుండుసూది తీసి, పిల్ల నడుం దగ్గర రెండు వైపులా పట్టి, "ఉండు, ఇక్కడ కాస్త లాగుతా" అంది. పిల్ల ఊపిరి బిగబట్టింది. టేపక్క బిగించింది. మిగిలిన బట్ట లోపలికి మడిచి కుట్టేసింది.

ఆ గౌనేసుకుని పిల్ల స్నేహితులతో కలిసి ఆ బొమ్మ కింద ఫొటో దిగింది. దాన్ని ఎవరో ఫోనులో పెట్టారు. దాని కింద ఇంకెవరో నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టారట. మాట కూడా లేదు, ఒక్క పసుపుపచ్చ ముఖం. ఎవరిని చూసి నవ్వారో తెలియదు. గుండీ తననే అనుకుంది.

ఆ తర్వాత ఆ పిల్ల ఫోను పట్టుకుని ఏం చూస్తోందా అని ఒకసారి తొంగిచూశాను. వరుసగా నడుములు. కొన్నిటికి ముఖాలు కూడా లేవు. ఒకటి అయిపోతే ఇంకోటి దానంతటదే వచ్చి పడుతోంది.

"ఇవన్నీ వెతికి చూస్తున్నావా?"

"లేదు పిన్నీ. ఒక్కసారి ఆ గౌను చూశానంతే. అప్పట్నుంచి ఇవే వస్తున్నాయి."

నెలన్నరకి గౌను పట్టుకొచ్చింది. "వదులైందమ్మా, బిగించు." బిగించింది. ఇంకో రెండు నెలలకి మళ్ళీ. "వదులైంది." మళ్ళీ. మొదటిరోజుతో కలిపి మొత్తం నాలుగుసార్లు. తెర వెనక పిల్లే గుండుసూదులు పెట్టుకుని, గౌను విప్పి చేతికిచ్చేది. టేపక్క ఆ సూదుల వెంట సుద్ద గీత గీసి, కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసి, కుట్టేది. ఎవరు ఆల్టరేషన్‌కి తెచ్చినా చేసే పద్ధతే. పైగా రెండోసారో మూడోసారో, "ఇప్పుడు కూర్చుంది ఫిటింగు!" అని సంబరపడింది. ఆ అంకెలు నేను ఇక్కడ రాయను. ఇది చదివే ఆడపిల్ల ఎవరైనా లేచి వెళ్ళి టేపు తెచ్చుకుంటుంది. అంకెలు చేసిన అన్యాయం చాలు.

నేను మాత్రం సుద్దపూసనా? ప్రతిసారీ హుక్కు జరిపి కుట్టింది నేనే. పిల్ల ఎండలో కూడా స్వెట్టర్ వేసుకుంటోందని చూశాను. తెర వెనక ఊడ్చేటప్పుడు చీపురుకి జుట్టు ఉండలు ఉండలుగా చుట్టుకునేది, చూశాను. ఒక మధ్యాహ్నం "ఏమే గుండీ" అని పిలిస్తే, "అలా పిలవకు పిన్నీ" అంది. అరవలేదు, మెల్లగా అంది. ఎదిగిన పిల్ల, సిగ్గు కాబోలు అనుకున్నాను. పదహారేళ్ళ పిల్లల సంగతి నాకు తెలుసులే అనుకునే తెలివి ఒకటి ఏడిసింది నాకు.

గదిలో ఒక గోనెసంచి ఉంటుంది, కత్తిరింపు ముక్కలు వెయ్యడానికి. ఒకరోజు దాని మీదికి చీమలు బారు కట్టాయి. గుడ్డముక్కలకి చీమలేమిటా అని సంచి బోర్లించాను. అడుగున కాగితంలో చుట్టిన రొట్టెముక్కలు. ఇంకో కాగితంలో ఉడికించిన గుడ్డు. ఇంకోటి, ఇంకోటి. కొన్ని ఎండిపోయాయి, కొన్ని బూజు పట్టాయి. వాళ్ళమ్మ పొద్దున్నే లేచి చేసి పెట్టిన తిండి. నాకు వెంటనే బిస్కెట్ గుర్తొచ్చింది, కాగితంలో చుట్టిన ఆ బిస్కెట్. అయినా మూడు రోజులు చెప్పలేకపోయాను. ఎలా చెప్పాలో తెలియక అనుకున్నాను గానీ, తల్లీకూతుళ్ళ మధ్య దూరి మాటపడడం ఎందుకన్న పిరికితనం అది. ఆ మూడు రోజులకి నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

నాలుగో రోజు పిల్ల ఐదోసారి బిగించమని గౌను తెచ్చింది. టేపక్క దాన్ని లోపలివైపుకి తిప్పి బల్ల మీద పరిచింది. ఎప్పుడూ మిగిలిన బట్ట కోసెయ్యదని చెప్పాను కదా, అదంతా అక్కడే ఉంది. రెండు పక్కలా మడత మీద మడత, అరచెయ్యంత వెడల్పు. మిషన్ పాదం కింద పట్టనంత మందం. టేపక్క ఆ మడత మీద అరచెయ్యి పరిచి చూసుకుంది. అప్పుడు నేను సంచి సంగతి చెప్పాను. కూతుర్ని దగ్గరికి పిలిచింది. స్వెట్టర్ విప్పమంది. ఏడు నెలల తర్వాత మొదటిసారి, గుడ్డకి కాదు, మనిషికి టేపు వేసింది.

అలవాటు కొద్దీ రెండు వేళ్ళు టేపు కింద దూర్చింది. ఆ వేళ్ళకి తగిలిందేమిటో ఆమె ముఖంలో చూశాను. టేపు అలా పట్టుకునే, రెండో చేత్తో పుస్తకం పాత పేజీలు తిప్పింది. బడి బట్టల పేజీ. పిల్లకి తొమ్మిదేళ్ళప్పటి కొలత. అదే అంకె.

"ఎంతమ్మా?" అంది పిల్ల. ఆ కళ్ళలో ఎంత ఆశ ఉందో! వారాల తరబడి వాడిపోయి ఉన్న ముఖం ఆ ఒక్క ప్రశ్నకి వెలిగింది. "చెప్పమ్మా, ఎంత?"

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్నకి టేపక్క తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఉన్నదున్నట్టు చెబితే ఆ పిల్ల గెలిచానని పొంగిపోతుంది. ఎక్కువ చెబితే ఇవాళ తినే ఆ కాస్తా మానేస్తుంది. తక్కువ చెప్పడం మాట సరేసరి. ఏ అంకె చెప్పినా అది ఆ పిల్లని తినేస్తుంది. టేపక్క టేపు వదిలేసింది. అది జారి నేల మీద పడింది.

"చెప్పను" అంది. ఆ తర్వాత పిల్లని పట్టుకుని గట్టిగా ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. "చెప్పొచ్చుగా" అంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మెట్లు దిగడానికే పిల్ల రెండుసార్లు ఆగింది. డాక్టరమ్మ నాడి పట్టి చూసి, గుండె పరీక్ష కాగితం చూసి, వెంటనే మంచం ఇప్పించింది. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందంది. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పలేను అంది. ఇది మొండితనం కాదు, పొగరు కాదు, జబ్బు, తిట్టినా బతిమాలినా పోదు అని మా ఇద్దరికీ విడమరిచి చెప్పింది.

"ఎప్పట్నుంచి ఇలా?" అని అడిగింది.

టేపక్క సంచిలోంచి కొలతల పుస్తకం తీసి ఇచ్చింది. డాక్టరమ్మ ఆ పేజీ చూసింది. తేదీ, నడుం, ఛాతీ, తేదీ, నడుం, ఛాతీ. ఏడు నెలల జబ్బు, వరుసలో, గుండ్రటి అక్షరాలతో.

"ఇంత వివరంగా రాసి తెచ్చినవాళ్ళు నాకెవరూ లేరు" అంది డాక్టరమ్మ. దెప్పిపొడవడానికి అనలేదు, పాపం, ఆవిడకి నిజంగానే పనికొచ్చింది. కానీ టేపక్కకి ఆ మాట తగలరాని చోట తగిలింది. నా చేత్తో నేనే రాశాను చెల్లీ, ఒక్కసారైనా చదవలేదు అంది ఇంటికి వెళ్ళేదారిలో.

మర్నాడు గిన్నె నిండా వండి తీసుకెళ్తే నర్సు లోపలికి రానివ్వలేదు. ఒక్కసారిగా తినిపిస్తే ప్రమాదమట, తిండి కూడా మందులా కొలిచి పెంచాలట. ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది టేపక్క. అంతా కొలతే, ఎక్కడికెళ్ళినా కొలతే అని గొణుక్కుంది. గిన్నె చల్లారిపోయాక మేమిద్దరం అక్కడే తిన్నాం.

రెండో వారంలో పిల్లకి కాస్త మాట్లాడే ఓపిక వచ్చింది. టేపక్క ఇంటి నుంచి చిన్న డబ్బా తెచ్చింది. మూత తీసి మంచం దుప్పటి మీద క్లిప్పులు పేర్చింది. ఎరుపువి, నీలంవి, ఒకటి స్ప్రింగు వదులైంది. పదకొండు.

"ఆ పచ్చ గౌను వెనక ఇవి పెట్టింది నేనేనే. ఆ అమ్మాయికి అది పట్టలేదు. ఎవరికీ పట్టదు. నడుం తర్వాత కంప్యూటర్లో నొక్కేశారు. మొదటిరోజే నీకు చెప్పాల్సింది. నా పనితనం అని గొప్పకి పోయి చెప్పలేదు."

పిల్ల ఒక్కో క్లిప్పు తీసి చూసింది. నాకు లోపల ఎంత ఆశ పుట్టిందో! ఇక ఈ పిల్లకి కళ్ళు తెరుచుకుంటాయి, లేచి కూర్చుని అన్నం పెట్టమంటుంది అనుకున్నాను.

"తెలుసమ్మా" అంది పిల్ల. "ఫొటోలు మారుస్తారని మా క్లాసులో అందరికీ తెలుసు. తెలిసినా ఆగదు."

"మరి ఎందుకే తల్లీ?"

"మొదట్లో అందరూ బాగున్నావన్నారు. తర్వాత కళ్ళు తిరిగేవి. భయమేసింది. మానేద్దామనుకునేదాన్ని." క్లిప్పు నొక్కుతూ వదులుతూ ఉంది. "గౌను నీకిచ్చినప్పుడల్లా, ఇప్పుడు అమ్మ వద్దంటుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకునేదాన్ని. నువ్వు బిగించి ఇచ్చేదానివి. బిగించావంటే సరిగ్గానే చేస్తున్నాను కాబోలు అనుకున్నా."

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తిట్టలేదు, జరిగింది చెప్పింది. టేపక్క క్లిప్పులన్నీ ఏరి డబ్బాలో వేసుకుంది. రెండు కింద పడ్డాయి, నేను తీసిచ్చాను.

మూడు వారాలకి ఇంటికి పంపారు. ఇంటికి రాగానే అంతా సర్దుకుందని రాస్తే టేపక్కని మించిన అబద్ధాలకోరునవుతాను. రోజుకి ఆరుసార్లు, గడియారం చూసి తినాలి. ఒక్కో పూటా ఒక్కో యుద్ధం. ఒకసారి పళ్ళెం గోడకి కొట్టింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. టేపక్క మిషన్ ఆపేసి ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, తనూ అంతే పెట్టుకుని, అంతే తినేది. "నీవల్ల నాకు ఒళ్ళొస్తోందే" అని ఒకసారి నోరు జారి, నాలిక కరుచుకుని, వంటగదిలోకి వెళ్ళి నెత్తి మొట్టుకుంది. ఆ మాట ఇన్నేళ్ళుగా ఎన్ని వందలసార్లు ఊరికే అనేశామో అప్పుడు తెలిసింది మాకు. నాలుగో నెలలో మళ్ళీ వెనక్కి జారింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మళ్ళీ వచ్చింది.

గదిలో కొన్ని మారాయి. అద్దానికి గుడ్డ కప్పి ఉంటుంది, కావలసినవాళ్ళు తీసి చూసుకుని మళ్ళీ కప్పాలి. టేపక్క మెడలో ఇప్పుడు టేపు లేదు, తెల్లటి పట్టీ ఒకటి ఉంది. దాని మీద అంకెల్లేవు. మనిషి చుట్టూ వేసి, రెండు వేళ్ళు దూర్చి, ఎక్కడికి వచ్చిందో అక్కడ పెన్సిలు గీత పెట్టుకుంటుంది. ఆ గీతను తర్వాత బల్ల మీద, వాళ్ళు వెళ్ళాక కొలుచుకుంటుంది.

"ఎంతక్కా? తగ్గానా?" అని అడుగుతూనే ఉంటారు.

"నీ గౌను నీకు పడుతుంది. అది చూసుకునే పూచీ నాది" అంటుంది. కొందరు మూతి ముడుచుకుని వేరే టైలరు దగ్గరికి పోయారు. పోనీ.

ఎదురు గోడ మీద బొమ్మ మారింది. ఇప్పుడు అక్కడ ఒక అబ్బాయి చొక్కా లేకుండా పొట్ట పలకలు పలకలుగా పెట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూసి ఏ తల్లి కొడుకు గుడ్డు కాగితంలో చుడుతున్నాడో అనుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. దుకాణం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. క్లిప్పులు పోయాయి, రాను అని చెప్పింది టేపక్క. డబ్బా నా కళ్ళెదురుగా అలమరలోనే ఉంది. ఈ అబద్ధానికి మాత్రం నేను ఏమీ అనలేదు.

పచ్చ గౌను ఏడాదిపైగా అలాగే కొక్కేనికి వేలాడింది. పారేద్దామని నేనన్నాను. పారేస్తే పిల్ల ఎప్పటికైనా దాన్ని అడిగే దారి కూడా మూసుకుపోతుంది, ఉండనీ అంది టేపక్క. పిల్ల దాని వైపు చూడకుండా తిరిగేది. వదులు చొక్కాలు, పెద్ద స్వెట్టర్లు. ఎంత తిన్నావు, ఎంత పెరిగావు అని మేము అడగకూడదు, డాక్టరమ్మ కట్టడి. నా నోరు ఎంత దురద పెట్టినా కట్టేసుకున్నాను.

మొన్న వానాకాలం, మధ్యాహ్నం పూట, నేను ఎవరి కోటుకో కాజా కుడుతున్నాను. టేపక్క బాబిన్‌కి దారం చుడుతోంది. తెర వెనక ఏదో అలికిడైంది. పిల్ల బయటికి వచ్చింది. ఒంటి మీద పచ్చ గౌను. వెనక హుక్కు పడలేదు, జిప్పు సగంలో ఆగిపోయింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. ఏడుస్తుందేమోనని నా చేతిలో సూది ఆగిపోయింది.

"అమ్మా" అంది. "పట్టట్లేదు."

టేపక్క లేవలేదు. ఏం అడుగుతుందోనని చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను. ఆ పిల్ల బతుకు ఆ తర్వాతి మాట మీద ఉందని మా ఇద్దరికీ తెలుసు.

పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"వదులు చెయ్యి."

టేపక్క కత్తెర కోసం వెతికింది. అది ఆమె ఒళ్ళోనే ఉంది. నేనే తీసి చేతికిచ్చాను. గౌను తిరగేసి బల్ల మీద పరిచి, ముగ్గురం చుట్టూ కూర్చుని కుట్లు విప్పాం. నాలుగు వరుసలు. బట్ట అంతా లోపలే ఉంది, ఒక్క పోగు కూడా పోలేదు. లోపల ఎండ తగలని చోట రంగు కొత్తదానిలా ఉంది. సూది పోయిన చోట్ల చిన్న చిన్న చిల్లులు మాత్రం వరుసగా మిగిలిపోయాయి. ఇస్త్రీ చేసినా పోలేదు. పిల్ల వాటి మీద వేలు పెట్టి రాసింది, "ఉండనీలే" అంది.

పిల్ల గౌను వేసుకుని వెళ్ళాక టేపక్క కొలతల పుస్తకం తీసింది. ఆ పిల్ల పేజీ. పైన తేదీలూ అంకెలూ అయిదు వరుసలు అలాగే ఉన్నాయి, చింపలేదు, కొట్టెయ్యలేదు. వాటి కింద ఆరో తేదీ వేసింది. అంకె రాయలేదు. "తనే అడిగింది. వదులు చేశాను" అని రాసి, పుస్తకం మూసి, బాబిన్ మిషన్‌లో పెట్టుకుంది.